బీరువా వెతుక్కుంటున్న పిల్లి

ప్రశ్న: మా పిల్లి కడుపుతో ఉంది. రెండు నెలలు కావస్తోంది. తలుపు తీస్తే చాలు, బీరువాలో చీరల మధ్య దూరుతోంది. తిండి తగ్గించింది. పురుడు మేమే పోయాలా?

జవాబు: కంగారు పడకండమ్మా. పిల్లి సాధారణంగా 63 నుంచి 67 రోజులు మోస్తుంది. చీకటి మూల వెతుక్కుంటోందంటే సమయం దగ్గరపడినట్టే. దాన్ని తరిమేయకుండా ఆ గదిలోనే ఓ అట్టపెట్టె పెట్టండి. పక్కకు ఒరిగి కాళ్లు చాపుకునేంత వెడల్పు ఉండాలి. ఉతికిన పాత నూలు చీర మడతేసి పరవండి. పోగులూడే గుడ్డ మాత్రం వద్దు, ఆ దారాలు కూనల కాళ్లకు చుట్టుకుంటాయి. నీళ్లు అందుబాటులో ఉంచండి. పాలన్నం ఒక్కటే సరిపోదు. కూనల కోసం అమ్మే ఆహారం కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి.

పురుడు పోయక్కర్లేదు. కూన మీది పొరను తల్లే నాకి చించుతుంది, బొడ్డుతాడు కొరుకుతుంది. అది వెంటనే పట్టించుకోకపోతేనే మీరు కలగజేసుకోవాలి. పొడిగుడ్డతో ముందు ముక్కు, నోటి మీది పొర తీసేసి, ఒళ్లంతా రుద్ది తుడవండి. మిగతా వేళల్లో దూరంగా కూర్చుని చూడటమే మేలు. చుట్టూ జనం మూగితే పిల్లి బెదిరి కాన్పు ఆపేసుకుంటుంది.

ఇరవై నిమిషాలు గట్టిగా ముక్కాక కూడా కూన రాకపోయినా, రక్తం ధారగా కారినా, మొదటి కూనకు ముందే ఆకుపచ్చ ద్రవం కనిపించినా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్రం వేయకండి. పిల్లికది ప్రాణాంతకం.