బయటి బండి – పొగ పరీక్ష

మన పాల లారీలు, వ్యాన్లు రోజూ పట్నానికి పోతున్నవి. కనుక పెద్ద నగరాలు బయటి బండ్లను ఎందుకు కట్టడి చేస్తాయో మనం తెలుసుకోవడం మంచిది. మెక్సికో దేశ రాజధాని మెక్సికో నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ఆ నగరం సుమారు 2,240 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలతో గిన్నెలా ఉంటుంది. చలికాలంలో పొగ పైకి పోలేక అక్కడే నిలుస్తుంది. అందువల్ల 1989లో, నంబరు చివరి అంకెను బట్టి కార్లు వారంలో ఒక పనిదినం తిరగరాదని నిబంధన పెట్టారు. తాహతు గలవారు వేరే అంకె గల రెండవ కారు, తరచు పాతది, కొనుక్కున్నారు. గాలి బాగుపడలేదని తరువాతి పరిశోధనలలో తేలింది.

క్రమంగా ఈ నిబంధనకు పొగ పరీక్షను జతచేశారు. నేడు పరీక్షలో బాగా నెగ్గిన కార్లు రోజూ తిరగవచ్చును. అక్కడ చెల్లే పరీక్ష బిళ్ల లేని బయటి కార్లకు మాత్రం వారంలో ఒక పనిదినం, శనివారాలన్నీ నిషేధమే. మిగిలిన పనిదినాలలోనూ ఉదయం 5 నుండి 11 గంటల వరకు అవి తిరగరాదు. ఉదయం రద్దీ ఎక్కువ. పైగా అప్పటి పొగ ఎండ తగిలి ఓజోను అనే హానికర వాయువుగా మారుతుంది.

పాలు ఎవరి గేదెవని మనం అడగము, వెన్న శాతం చూసి ధర కడతాము. బండి సంగతీ అంతే. అది ఏ ఊరిదన్నది కాదు, ఎంత పొగ వదులుతుందన్నదే ముఖ్యం. మన సంఘాల బండ్లకు కాలుష్య పరీక్ష పత్రం గడువు దాటకుండా చూసుకుందాం.