సూది లేని కనెక్టర్లు - ఏది వాడటం తేలిక?

సెలైన్ ఎక్కుతున్న రోగికి మధ్యలో మందు ఇవ్వాలంటే పూర్వం గొట్టానికి ఉన్న రబ్బరు భాగంలో సూది గుచ్చేవారు. దీనివల్ల రోగికి నొప్పి ఉండదు గాని నర్సు వేలికి ప్రమాదం. రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, ఆ రోగికి హెపటైటిస్-బి ఉన్నప్పుడు, టీకా వేసుకోని వారిలో నూటికి 6 నుండి 30 మందికి సోకవచ్చు. హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి సుమారు ముగ్గురికి. ఈ ముప్పు తగ్గించడానికే 1990ల ప్రారంభంలో సూది లేని కనెక్టర్లు వచ్చాయి. సూదిపోట్ల నివారణకు అమెరికా 2000 నవంబరులో ప్రత్యేక చట్టమే చేసింది.

కనెక్టరు అంటే కాన్యులా చివర బిగించే చిన్న ప్లాస్టిక్ ముక్క. సిరంజి అమర్చితే దారి తెరుచుకుంటుంది, తీస్తే మూసుకుంటుంది. ఏది తేలికో తెలుసుకోవడానికి నర్సింగ్ విద్యార్థులమైన మేము మూడు విషయాలు చూస్తాము.

1. బిగించడం: వాల్వు రకానికి సిరంజి మొనను నేరుగా తిప్పి బిగిస్తే చాలు. చీలిక రబ్బరు మూత ఉన్న పాత రకాలకు మొద్దు మొన గల ప్లాస్టిక్ గొట్టం వేరుగా కావాలి. అది చేతికి అందకపోతే మనసు మళ్ళీ సూది వైపే పోతుంది. కొత్త చీలిక రకాలకు సిరంజి నేరుగా సరిపోతుంది.

2. శుభ్రం చేయడం: ఏ రకమైనా ప్రతిసారీ 70 శాతం ఆల్కహాలు స్వాబుతో 5 నుండి 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. పైభాగం చదునుగా, సందులు లేకుండా ఉంటే పని తేలిక. పారదర్శకమైనదైతే లోపల రక్తం నిలిచిందా అన్నది కనబడుతుంది. నిలిస్తే కనెక్టరు మార్చాలి.

3. సిరంజి తీయడం: అసలు చిక్కు ఇక్కడే. కొన్ని రకాలు సిరంజి తీసేటప్పుడు రక్తాన్ని కాన్యులాలోకి వెనక్కి లాగుతాయి. వీటికి సెలైన్ తోస్తూనే క్లాంపు వేసి, తర్వాత సిరంజి తీయాలి. కొన్ని ముందుకు తోస్తాయి. వీటికి ముందు సిరంజి తీసి, తర్వాత క్లాంపు వేయాలి. మధ్యస్థ రకానికి ఏ వరుసైనా ఫరవాలేదు. వరుస తప్పితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. అప్పుడు రోగికి మరోచోట గుచ్చవలసి వస్తుంది.

పైకి చూస్తే ఏది ఏ రకమో చాలాసార్లు తెలియదు. కాబట్టి త్వరగా బిగిసేదే తేలికైనది అనుకోరాదు. రాత్రి డ్యూటీలో అలసిన చేతులు కూడా పొరబడకుండా వాడగలిగినదే తేలికైనది. మా దృష్టిలో పారదర్శకంగా, చదునుగా ఉన్న మధ్యస్థ రకం మేలు. అంతకంటె ముఖ్యం, ఒక వార్డులో ఒకే రకం ఉండాలి.

నర్సింగులో చేరబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ తప్పక వేయించుకోవాలి. కనెక్టరు ఉంది కదా అని టీకా మానరాదు. ఇక మిగతావారు కూడా ఎప్పుడో ఒకప్పుడు అమ్మానాన్నల మంచం పక్కన కూర్చోవలసినవారే. మూత ఊడినా, లోపల రక్తం కనబడినా మీరు ముట్టుకోకండి, వెంటనే సిస్టరుగారికి చెప్పండి.