ఎండాకాలంలో స్కీ సాధన

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటున్నాను. రెండు చలికాలాలుగా స్కీయింగ్ నేర్చుకుంటున్నా, ఎడమకు తిరిగేటప్పుడు వెనక్కి ఒరిగిపోతున్నాను. వేసవిలో ఇన్‌లైన్ స్కేటింగ్ చేస్తే సరవుతుందా?

జవాబు: చాలావరకు అవుతుంది. 1980లో మినియాపోలిస్‌లో ఓల్సన్ సోదరులు ఈ స్కేట్లకు మెరుగులు దిద్దింది ఐస్ హాకీ ఆటగాళ్ల వేసవి సాధన కోసమే.

వాలు చూడగానే భయంతో ఒళ్లు వెనక్కి లాగుతుంది. బరువు మడమల మీదికి పోతే స్కీ మన మాట వినదు. స్కేటూ అంతే. నున్నటి ఖాళీ స్థలంలో కాగితపు కప్పులు పదడుగులకొకటి పెట్టి, వాటి మధ్య వంకరటింకరగా తిరగండి. మోకాళ్లు వంచండి, ముంగాలి ఎముక బూటు ముందు భాగానికి ఆనుతూ ఉండాలి. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడికాలి మీద వెయ్యండి. కప్పు దాటేదాకా ఆ ఒత్తిడి వదలొద్దు. ఎడమ మలుపే ఎక్కువసార్లు చెయ్యండి.

ఒక్క తేడా మరవకండి. స్కీ అడ్డంగా జారి వేగం తగ్గిస్తుంది, చక్రాలు అలా జారవు. అందుకని మడమ బ్రేకు బాగా వచ్చేదాకా వాలు జోలికి పోవద్దు. హెల్మెట్, మణికట్టు రక్షణ లేకుండా అసలు దిగొద్దు.

మోకాలు వాచినా, నడుస్తుంటే పట్టు తప్పినా ఎముకల డాక్టరుకు చూపించండి. మంచు పడ్డాక కూడా ఎడమ మలుపు కుదరకపోతే, కుడి బూటు వదులుగా ఉందేమో షాపులో సరిచూపించుకుని, శిక్షకుడి దగ్గర ఒక పాఠం తీసుకోండి.