చెరువు అవతలే పడిందా?

ప్రశ్న: రాత్రి డాబా మీద పడుకుని ఉండగా పచ్చటి వెలుగుతో ఓ నిప్పుముద్ద దూసుకొచ్చి, మా చెరువు అవతల పడినట్టు కనిపించింది. చప్పుడు లేదు. వెతికితే దొరుకుతుందా?

జవాబు: ఎంత మంచి దృశ్యం చూశారండీ! శుక్రగ్రహం కన్నా ప్రకాశించే ఉల్కను అగ్నిగోళం అంటారు. చెరువు అవతల మాత్రం వెతక్కండి. ఆ వెలుగు సాధారణంగా నేలకు పదుల కిలోమీటర్ల ఎత్తులోనే ఆరిపోతుంది. చెట్ల వెనక దిగినట్టు కనిపించిందంటే మీకు వంద కిలోమీటర్ల పైనే దూరంలో ఉండి ఉంటుంది. ఇలాంటి ఉల్కల్లో ఎక్కువ భాగం గాలిలోనే ఆవిరైపోతాయి. పచ్చ రంగు నికెల్, మెగ్నీషియం లాంటి లోహాల ఆవిరిది కావచ్చు.

చప్పుడు సంగతి ముఖ్యం. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది కాబట్టి, పెద్ద ఉల్కయితే మోత నిమిషాల తర్వాత వినిపిస్తుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌లో వెలుగు చూసి కిటికీల దగ్గరికి పరుగెత్తినవాళ్లు ఎందరో, ఆలస్యంగా వచ్చిన పీడన తరంగానికి అద్దాలు పగిలి గాయపడ్డారు. కళ్లు చెదిరే వెలుగు కనిపిస్తే దయచేసి కిటికీకి దూరంగా ఉండండి.

సమయం, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు, ఏ చుక్కల మధ్యగా వెళ్లిందో మరిచిపోకముందే రాసి ఇంటర్నేషనల్ మీటియర్ ఆర్గనైజేషన్‌కు ఆన్‌లైన్‌లో పంపండి. వేరే ఊళ్లవాళ్లు రాసినవి కూడా కలిస్తేనే దాని దారి లెక్కకట్టగలరు.