జేబు పుస్తకానికి ఏ పెన్ను మేలు?

తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలవారు ఎందరో సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. అక్కడ కూలి సాధారణంగా మీటర్ల లెక్కన ఉంటుంది. రోజుకు ఎన్ని మీటర్లు నేసిందీ జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునే కార్మికుడికి, లెక్కలో తేడా వస్తే ఆ కాగితమే ఆధారం. చెమటకో వానకో అంకెలు అలుక్కుపోతే నష్టం అతనిదే. సూరత్ అసలే తేమ ఎక్కువగా ఉండే ఊరు. 2006 ఆగస్టులో తాపీ వరదకు నగరంలో చాలా భాగం నీట మునిగింది. ఇలాంటి చోట ఏ పెన్నుతో రాయాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

ముందు కాగితం సంగతి చూద్దాం. కాగితం, నూలు రెండూ సెల్యులోజే. రెండూ నీటిని పీల్చుకుంటాయి. కాగితపు పోగుల మధ్య ఉండే సన్నని సందుల్లోకి ఇంకు తనంతట తానే పాకుతుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. ఈ పాకుడును తగ్గించడానికి, పడుగుకు గంజి పెట్టినట్టే, కాగితానికీ తయారీలో పిండిపదార్థం వంటివి పట్టిస్తారు. చవక పుస్తకాల్లో ఈ పూత తక్కువగా ఉంటే అక్షరం అంచులు చెదురుతాయి, ఇంకు వెనక పేజీకి దిగుతుంది.

ఇక ఇంకు. ఫౌంటెన్ పెన్ను ఇంకులో ఎక్కువ భాగం నీరే, అందులో రంగు కరిగి ఉంటుంది. ఆరిన తర్వాత కూడా నీరు తగిలితే చాలా రకాలు మళ్లీ కరుగుతాయి. 1938లో లాస్లో బీరో పేటెంటు పొందిన బాల్ పెన్ను దీనికి మరో దారి చూపింది. దాని ఇంకు నూనెలా చిక్కగా ఉంటుంది. కొనలోని చిన్న గుండు దొర్లుతూ పలుచని పొరగా దాన్ని కాగితానికి అంటిస్తుంది. అందుకే అది త్వరగా ఆరుతుంది, నీటికి అంతగా చెదరదు. అయితే ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ తగిలితే మాత్రం కరుగుతుంది.

జెల్ పెన్ను ఇంకు నీటితో చేసిందే అయినా, కదలకుండా ఉన్నప్పుడు చిక్కగా ఉండి, గుండు దొర్లినప్పుడు పలుచబడుతుంది. గీత నల్లగా, తేలికగా పడుతుంది కానీ, ఆరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. జేబు పుస్తకాన్ని రాయగానే మూసేస్తాం కాబట్టి ఎదుటి పేజీకి మరక అంటుకుంటుంది. జెల్‌లోనూ రెండు రకాలున్నాయి. డై అంటే నీటిలో కరిగే రంగు. పిగ్మెంట్ అంటే కరగని సన్నని రేణువులు, ఇవి పోగుల్లో చిక్కుకుని నీటికీ వెలుతురుకూ ఎక్కువ నిలుస్తాయి.

వేడికి చెరిగిపోయే జెల్ పెన్నులు లెక్కలకు అసలు పనికిరావు. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాటి రాత కనిపించకుండా పోతుంది. ఎండలో నిలిపిన వాహనంలో డ్యాష్‌బోర్డు అంత వేడెక్కవచ్చు.

చేతిలో పట్టుకుని, నిలబడి రాసేవారికి 0.7 మిల్లీమీటర్ల బాల్ పెన్ను అనువు. పేజీ కింద గట్టి అట్ట పెట్టుకుంటే గీత తెగదు. పుస్తకాన్ని గోడకు ఆనించి, కొన పైకి పెట్టి రాస్తే ఇంకు గుండు దాకా సరిగా అందదు. నూనె అంటిన పేజీ మీద నీటి ఇంకు పట్టదు, గుండు కూడా జారుతుంది. ఏళ్ల తరబడి దాచాల్సిన రాతకు, దస్తావేజుల కోసం ఉద్దేశించిన ఐఎస్ఓ 12757-2 ప్రమాణం ముద్రించిన బాల్ పెన్ను రీఫిల్ వెతకడం మంచిది.

కొనేముందు ఇంట్లోనే పరీక్షించవచ్చు. మీ పుస్తకం చివరి పేజీలో మూడు పెన్నులతో ఒకే అంకె రాయండి. ఐదు సెకన్లకు వేలితో రుద్దండి. గంట తర్వాత ఒక్కో అంకె మీద ఒక్కో చుక్క నీరు వేసి, నిమిషం ఆగి అద్దండి. పేజీ తిప్పి వెనక చూడండి. మూడింటికీ నిలిచిన పెన్నే మీ జేబుకు తగినది, దాని ధర ఐదు రూపాయలైనా సరే.