తామారు ఏడుపు దావీదు దాకా వెళ్ళింది

*ఈ శుక్రవారం ధ్యానం*
వాక్యభాగం: 2 సమూయేలు 13:1-22

అల్ మన్సూరాలో బెడ్ స్పేస్‌లో ఉంటున్న అన్నలకు, ఫ్యామిలీతో ఉంటున్నవాళ్ళకు, ఇళ్ళల్లో పనిచేస్తూ రాత్రి పడుకునే ముందు మాత్రమే ఫోన్ పట్టుకునే అక్కచెల్లెళ్ళకు ఇది రాస్తున్నాను.

ఈ భాగాన్ని మన కూడికల్లో ఎక్కువగా చదవం. పిల్లలు పక్కనుంటే పేజీ తిప్పేస్తాం. కానీ దేవుడు దీన్ని తన గ్రంథంలోంచి తీసేయలేదు. పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిన మనం దీన్ని ఒకసారి నెమ్మదిగా చదవాలి.

దావీదు రాజు పెద్దకొడుకు అమ్నోను. తామారు అతనికి చెల్లెలు, తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. ఆమె వయసు ఎంతో రాయలేదు గానీ, పెళ్ళికాని పిల్ల అని మాత్రం ఉంది. అమ్నోను ఆమెమీద చెడ్డ ఆశ పెట్టుకున్నాడు. యోనాదాబు అనే చుట్టం, దావీదు అన్నకొడుకే, ఉపాయం చెప్పాడు: జబ్బు నటించు, నాన్న చూడ్డానికి వస్తాడు, చెల్లి వచ్చి నా కళ్ళముందు వండిపెడితే తింటానని అడుగు. అమ్నోను అలాగే అడిగాడు. దావీదు ఆ పిల్లకు కబురు పంపాడు, అన్నయ్య ఇంటికి వెళ్ళి వండిపెట్టమని.

7వ వచనం దగ్గర ఆగండి. ఆ గుమ్మం దాకా పిల్లను పంపింది బయటివాడు కాదు, కన్నతండ్రి మాట. ఆయనకు తెలియదు, నిజమే. కానీ అంత పెద్ద రాజు ఇంట్లో వంటవాళ్ళు లేరా? ఈ పిల్లే ఎందుకు రావాలి, గదిలో ఇంకెవరుంటారు? ఈ రెండు ప్రశ్నలు ఆయన అడగలేదు.

మనం కూడా కబురు పంపేవాళ్ళమే. గురువారం రాత్రి ఇమోలో మాట్లాడుతూ, “ఈ సెలవులకి మావయ్య వాళ్ళింట్లో ఉండమ్మా” అంటాం. “బాబాయ్ బండిమీద దింపుతాడు, వెళ్ళు” అంటాం. ఆ మావయ్య, ఆ బాబాయ్ మంచోళ్ళే కావచ్చు, చాలామంది మంచోళ్ళే. అయినా అడగాలి: అక్కడ ఎవరెవరు ఉంటారు, పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఒంటరిగా ఎంతసేపు ఉంటుంది. అనుమానం అని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

2007లో మన దేశ మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి ఒక నివేదిక ఇచ్చింది. అందులో సగానికి పైగా, 53 శాతం మంది, ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. మగపిల్లల లెక్క ఆడపిల్లల కంటే తక్కువేమీ లేదు. ఎక్కువగా కనబడిన నాలుగు రాష్ట్రాల్లో ఒకటి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. చేసినవాళ్ళలో సగంమంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పనే లేదు.

తామారు మాత్రం చెప్పింది. ముందు అన్నను బతిమాలింది, వద్దంది, కారణాలు చెప్పింది. అతను వినలేదు. తర్వాత బయటికి గెంటి తలుపు వేయించాడు. ఆమె తలమీద బూడిద పోసుకుని, రాజకుమార్తెలు వేసుకునే రంగుల అంగీ చింపుకుని, దారిపొడుగునా ఏడుస్తూ వెళ్ళింది. ఇంతకంటే పిల్ల ఎలా చెప్పాలి?

సొంత అన్న అబ్షాలోము ఏమన్నాడు? ఊరుకో, వాడు నీ అన్నే, మనసులో పెట్టుకోకు అన్నాడు. తెలుగు ఇళ్ళల్లో ఈ మాట మనందరికీ తెలుసు. పరువు పోతుంది, అక్క పెళ్ళి ఆగిపోతుంది, నాన్న అక్కడ ఎండలో కష్టపడుతున్నాడు చెప్పకు, ప్రాణం తీసుకుంటాడు. అలా మన కష్టాన్నే పిల్ల నోటికి తాళం చేస్తారు. అందుకే మీరే మీ పిల్లలకి చెప్పండి: “నాకు కష్టమవుతుందని ఏదీ దాచొద్దు.”

ఇక తండ్రి. 21వ వచనం: దావీదు అంతా విన్నాడు, చాలా కోపం వచ్చింది. అక్కడితో సరి. అమ్నోనును పిలిచి అడిగినట్టు లేదు, కూతురు దగ్గరికి వెళ్ళినట్టు లేదు. గొల్యాతుముందు నిలబడినవాడు కొడుకుముందు నిలబడలేకపోయాడు. బత్షెబ విషయంలో తను చేసింది గుర్తొచ్చి నోరు రాలేదని కొందరు బోధకులు అంటారు. కావచ్చు. నాకు మాత్రం అది సాకులానే అనిపిస్తుంది. రెండేళ్ళ తర్వాత అబ్షాలోము అమ్నోనును చంపించి గెషూరుకు పారిపోయాడు. పగ తీరింది, తామారుకు ఏమి ఒరిగింది? తన కూతురికి ఆ పేరే పెట్టుకున్నాడు గానీ, చెల్లెలి గురించి ఆ తర్వాత మాట లేదు.

అందుకే, దేవుడు కాపాడాలి గానీ, అలాంటి మాట ఎప్పుడైనా ఫోన్‌లో వింటే కోపంతో ఆగిపోకండి. ఎమర్జెన్సీ లీవ్ పెట్టి వాడిని నరుకుతా అని కూడా లేవకండి. వాడికి ఫోన్ చేసి బెదిరిస్తే ఆ కసి పిల్లమీద పడుతుంది. ముందు పిల్లతో రెండు మాటలు: “నువ్వు చెప్పింది నమ్ముతున్నా. తప్పు నీది కాదు.” ఎందుకెళ్ళావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు అని అడగొద్దు. పదిమంది పదిసార్లు చెప్పించొద్దు. వెంటనే పిల్లను ఆ మనిషికి దూరంగా ఉంచాలి.

తర్వాత ఫిర్యాదు. పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్ళలోపు ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా అదే చట్టం. తండ్రి ఊళ్ళో ఉండక్కర్లేదు. తల్లి, అమ్మమ్మ, టీచరు, పక్కింటావిడ, ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ కడతారు. పిల్ల మాట ఇంటిదగ్గరే, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐ రావాలి. పేరు, ఫోటో బయటికి రాకూడదు. తెలిసీ చెప్పకుండా దాచితే ఆరు నెలల దాకా జైలు. కాబట్టి ఊరి పెద్దలు కూర్చుని డబ్బుతో తెంచేది రాజీ కాదు, అది ఇంకో నేరం.

ఇంట్లోవాళ్ళ ఫోన్లలో 1098 సేవ్ చేయించండి. పిల్లల కోసం పగలూ రాత్రీ పనిచేసే నంబర్, ఫ్రీ. ఇది ఇండియా నంబర్, ఇక్కడ మన సిమ్ నుంచి కలవదు, అక్కడివాళ్ళే చేయాలి. జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో 2016 నుంచి పోలీసుల భరోసా కేంద్రం ఉంది, తర్వాత తెలంగాణలో మరికొన్ని చోట్ల పెట్టారు.

మన్సూరాలో ఫ్యామిలీతో ఉన్నవాళ్ళకు ఒక మాట. అద్దె భారమని ఫ్లాట్‌లో పార్టిషన్ పెట్టి ఇంకొకరికి ఇస్తాం. వంటగది ఒకటే, బాత్రూమ్ ఒకటే. మీ ఇద్దరూ డ్యూటీలో ఉన్న గంటల్లో పిల్ల ఎవరితో ఉంటుందో లెక్క వేసుకోండి. ఇక్కడ పిల్లల రక్షణకు అమన్ సెంటర్ హాట్‌లైన్ 919, పోలీసులకు 999.

చేసినవాడు సంఘపెద్ద అయినా, ప్రార్థన నడిపించేవాడైనా ఇదే దారి. అలాంటప్పుడు క్షమించమని పిల్లకు వాక్యం చెప్పేవాళ్ళు బయలుదేరతారు. వాళ్ళను గుమ్మం దగ్గరే ఆపండి. చిన్నపిల్లల్ని పాడుచేసేవాడి గురించి తిరగటిరాయి మెడకు కట్టే మాట అన్నది యేసుప్రభువే, మత్తయి 18వ అధ్యాయంలో చదువుకోండి.

*ప్రార్థన:* ప్రభువా, ఎడారిలో హాగరు కొడుకు గొంతు విన్నవాడివి నువ్వు. మా పిల్లలు చెప్పేది, చెప్పలేక ఫోన్ పక్కన పెట్టేసేది మాకు వినబడనివ్వు. వేరేవాళ్ళ బిడ్డల్ని ఎత్తుకుంటూ తమ బిడ్డల్ని తలుచుకునే మా అక్కచెల్లెళ్ళను ఆదరించు. ఎక్కడో ఒక తామారు ఈ రాత్రి తలుపు బయట నిలబడి ఉంటే, ఆ దారిలో మాలో ఒకరిని పంపు. యేసు నామంలో, ఆమేన్.