బార్ అను మాట

ఆంగ్లమున చిన్నమాటలే విద్యార్థులను మిక్కిలి మోసగించును. నిఘంటువున మొదట గానవచ్చిన యర్థముతోనే వాక్యమంతయు నడిపింప జూతురు. బార్ అను మాటనే తీసికొందము.

దీని మూలార్థము కడ్డీ, అడ్డుకఱ్ఱ. న్యాయస్థానమున న్యాయాధిపతి యుండు తావును వేఱుచేయు నడ్డుకఱ్ఱను బట్టి న్యాయవాదుల సమూహమునకును నీ పేరే వచ్చినది; బారిష్టరు పదమును అందుండి పుట్టినదే. మద్యమమ్ముచోటి యడ్డుబల్లయు బారే. దాని జోలి మనకేల?

బారువ విద్యార్థికి దగ్గఱి యర్థము వేఱొకటి కలదు. మహేంద్రతనయ సముద్రమున గలియుచోట నది తెచ్చిన యిసుకయు, అలలు త్రోసిన యిసుకయు గూడి నీటిక్రింద మేటవేయును. అచ్చట లోతు తక్కువగుటచే అలలు విఱిగిపడును; పడవ తలక్రిందు కావచ్చును. మొగ దాటుట యెంత యపాయమో మత్స్యకారుల బిడ్డలకు మేము చెప్పనక్కఱలేదు. టెన్నిసన్ 1889లో రచించిన ‘క్రాసింగ్ ది బార్’ అను కవితలో దాటబడునది యిట్టి యిసుకమేటయే. అది మరణమునకు సంకేతము. న్యాయవాదుల యర్థమును పట్టుకొన్నవానికి ఆ కవిత యంతయు చీకటి. తీరమెఱిగిన బాలుడు టీక లేకయే గ్రహించును.

వాతావరణ శాస్త్రమందలి మిల్లీబారులోని బారు కుదురే వేఱు. అది బరువను నర్థముగల గ్రీకు పదమునుండి వచ్చినది. సంస్కృతపు భారమునకును దానికిని ధ్వనిలో పోలికయే గాని చుట్టరికము లేదు. సముద్రమట్టమున గాలి యొత్తిడి సగటున 1013 మిల్లీబారులు. తుపాను నడుమ నది మిక్కిలి తగ్గును. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానును చూచిన ఉద్దానమువారు ఈ యంకెను చదువ నేర్వవలెను. నేటి ప్రకటనలలో హెక్టాపాస్కల్ అని యున్నను పరిమాణ మదియే.